ధర్మవరం ప్యాసింజరులో వచ్చిన ప్యాకేజీలు

లినక్సులో ప్యాకేజీల, అంటే ఎక్కించుకోవడానికి వీలుగా కట్టిన ప్రోగ్రాముల మూటల, చరిత్ర ఎక్కడ చదివినా సర్వర్లు, నెట్‌వర్కులు, డౌన్‌లోడ్లే కనిపిస్తాయి. మా వైపు ఆ చరిత్ర ధర్మవరం–బెంగళూరు రైలుమార్గం మీద నడిచింది. మాది ధర్మవరం. 2000 తర్వాత కొన్నేళ్ళు హిందూపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకున్నాను. అప్పటికి మాకున్నది ఫోను లైను మీద వచ్చే డయలప్ ఇంటర్నెట్. కాగితం మీద దాని వేగం 56 కిలోబిట్లు. ఆ వేగం నిజంగానే వచ్చినా 650 మెగాబైట్ల సీడీ ఒక్కటి దిగడానికి 26 గంటలు పడుతుంది, అదీ మధ్యలో లైను తెగకపోతే. అందుకని సెలవు దొరికిన రోజు పొద్దున్నే బండెక్కి, పెనుకొండ నుంచి వచ్చే పిల్లలెవరైనా కలిస్తే వాళ్ళనూ వెంటేసుకుని, గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం, యలహంక దాటి బెంగళూరు పోయేవాణ్ణి. ఎస్పీ రోడ్డులో ఖాళీ సీడీలు కొని, తెలిసినవాళ్ళ దగ్గర వాటి మీద లినక్సు రైట్ చేయించుకుని, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాణ్ణి. దొంగ కాపీలు కావవి. పంచుకోవచ్చని లైసెన్సే చెబుతుంది.

ఈ సీడీల దారి మాకంటే ముందు పత్రికలు వేశాయి. 1996లో పీసీక్వెస్ట్ పత్రిక సంచికతో పాటు లినక్సు సీడీ ఇచ్చింది. దానికి పూనుకున్నది అప్పట్లో బెంగళూరులో ఉండే అతుల్ చిట్నిస్. ఇంటర్నెట్ మొహం చూడని ఊళ్ళకు కూడా లినక్సు అలా పోస్టులో చేరింది.

సీడీ చేతికొస్తే పనైపోయినట్టేనని బయటివాళ్ళు అనుకుంటారు. అసలు తంటా అక్కడే మొదలు. తొలినాళ్ళలో ఏ ప్రోగ్రాం కావాలన్నా సోర్స్ కోడ్ తెచ్చుకుని మన మెషీన్లోనే కంపైల్ చేసుకోవాలి: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మేక్‌కు ఒక మంచి గుణముంది. కరెంటు పోయి వచ్చినా, అయిపోయిన ఫైళ్ళ జోలికి పోకుండా మిగతావాటిని అందుకుంటుంది. కోతల కాలంలో సీమవాళ్ళకు ఆ గుణం విలువ బాగా తెలుసు. పెట్టిన ప్రోగ్రాంను తీసేయడమే కష్టం. ఏ ఫైలు ఎక్కడ పడిందో లెక్క రాసినవాడు ఉండడు.

1993లో వచ్చిన స్లాక్‌వేర్ అనే లినక్సు ఆ లెక్క రాసిపెట్టింది. కానీ ఒక ప్యాకేజీకి తోడుగా ఇంకేం కావాలో అది పట్టించుకోదు, నేటికీ అంతే. 1995లో రెడ్‌హ్యాట్ కంపెనీలో ఎరిక్ ట్రోన్, మార్క్ ఈవింగ్ చేసిన ఆర్పీఎం పట్టించుకుంటుంది. ఫలానా లైబ్రరీ లేదని చెబుతుంది, చెప్పి ఆగిపోతుంది. తెచ్చుకునే బాధ్యత మనదే. మా ల్యాబులో పనిచేసే కుర్రాడు మానిటర్ ముందు నుంచి లేవకుండానే "సార్, ఇంకోటేదో అడుగుతాంది" అని కేకేసేవాడు. ఆ ఇంకోటి పెడదామంటే అది మరోదాన్ని అడిగేది. ఆ మరోటి మా దగ్గరున్న సీడీలో ఉండదు. బెంగళూరు బండి రేపు పొద్దున గానీ లేదు.

ఈ చిక్కు విప్పింది డెబియన్ అనే మరో లినక్సు. 1993 ఆగస్టు 16న పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయన్ మర్డాక్ దాన్ని ప్రకటించాడు. ప్యాకేజీని ఎక్కించి దింపే డీపీకేజీ అనే పనిముట్టు 1994లో వచ్చింది. దాని ముఖ్యభాగాన్ని సీ భాషలో తిరగరాసింది మరో ఇయన్, ఇయన్ జాక్సన్. దాని మీద పనిచేసే ఆప్ట్ 1998లో మొదలై, 1999 మార్చిలో డెబియన్ 2.1తో అందరికీ అందింది. జేసన్ గన్‌థార్ప్ అందులో ప్రధానంగా పనిచేశాడు. ఆప్ట్ చేసేదేమిటో మా ఊరి మగ్గాలవాళ్ళకు చెప్పడం తేలిక. నేసేవాడు పట్టు కోసం హిందూపురం గూళ్ళ మార్కెట్టుకో, జరీ కోసం సూరత్‌కో పోడు. చీర ఏదో తేలితే చాలు, షావుకారే అన్నీ జతచేసి మగ్గం దగ్గరకు పంపుతాడు. ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ అని పేరొకటి కొడితే, దానికి కావలసినవి, వాటికి కావలసినవి అన్నీ ఆప్టే లెక్కగట్టి, వరస ప్రకారం తెచ్చి పెడుతుంది.

ఎక్కడి నుంచి తేవాలి? సోర్సెస్ డాట్ లిస్ట్ అనే ఫైలులో మనం రాసిన చోటి నుంచి. అక్కడ ఇంటర్నెట్ చిరునామా ఉండాలని నియమం లేదు, సీడీ అయినా సరే. నా దృష్టిలో ఆప్ట్ చేసినవాళ్ళ గొప్పతనం ఇదే. ఆప్ట్-సీడీరామ్ యాడ్ అని కొట్టి ఒక్కో సీడీ పెడుతూ పోతే, ఏ ప్యాకేజీ ఏ సీడీలో ఉందో రాసుకుంటుంది. తర్వాత ఏదైనా అడిగితే ఫలానా సీడీ పెట్టమంటుంది. 2005 జూన్‌లో వచ్చిన డెబియన్ 3.1, మారుపేరు సార్జ్, మా పీసీలకైతే 14 సీడీలు, 15,000 పైచిలుకు ప్యాకేజీలు. లోకం ఎక్కువగా వాడేవి మొదటి సీడీల్లో, తక్కువ వాడేవి చివర. మాకు కావలసింది ఎప్పుడూ చివర్లోనే ఉండేదనిపించేది. సీడీ మీద గీతపడితే అంతే సంగతులు.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా లినక్సు ప్యాకేజీలుగా వచ్చాయి. ఒక్క కమాండుతో తెర మీద తెలుగు అక్షరాలు సరిగ్గా కూర్చున్న రోజు ల్యాబులో పిల్లలందరూ ఒకే మెషీన్ చుట్టూ మూగారు.

చేతులు మారి వచ్చిన సరుకును నమ్మడమెలా అన్న ప్రశ్నకూ జవాబు దొరికింది. 2007లో ఎచ్ అనే మారుపేరుతో వచ్చిన డెబియన్ నుంచి ఆప్ట్ డిజిటల్ సంతకాలు సరిచూడటం మొదలుపెట్టింది. ఎవరి సంచిలో వచ్చిందన్నది దానికి అనవసరం, సంతకం సరిపోవాలి.

రితేష్ రాజ్ సరాఫ్ అనే డెబియన్ డెవలపర్ చేసిన ఆప్ట్-ఆఫ్‌లైన్ అయితే అచ్చం మా కోసమే చేసినట్టుంటుంది. నెట్ లేని మెషీన్ మీద సెట్ అని కొడితే కావలసినవాటి జాబితా ఫైలుగా వస్తుంది. పెన్‌డ్రైవులో దాన్ని నెట్ ఉన్న చోటికి తీసుకుపోవాలి. అక్కడున్నది విండోస్ మెషీన్ అయినా పర్వాలేదు. గెట్ అంటే అన్నీ ఒక మూటగా దిగుతాయి. తిరిగొచ్చి ఇన్‌స్టాల్ అంటే ఎక్కుతాయి. పద్నాలుగు సీడీలు మోసే పని తప్పి, కావలసింది మాత్రమే జేబులో వచ్చేది.

ఇప్పుడు పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. ఊళ్ళలో ఫైబర్ వచ్చింది. ఫోనులో టెర్మక్స్ అనే యాప్ పెట్టుకుంటే లోపల నడిచేది అదే ఆప్ట్. అయినా పల్లె బడుల్లో నెట్ లేక మూలన పడిన కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. ఆప్ట్-సీడీరామ్‌ను డెబియన్ తీసేయలేదు, ఆప్ట్-ఆఫ్‌లైన్ కూడా దొరుకుతుంది. మీ ఊరి బడిలో అలాంటి మెషీన్ ఉంటే, ఈసారి ఊరికి పోయేటప్పుడు ఒక పెన్‌డ్రైవు వెంట తీసుకుపోండి.