థేమ్స్ హంసలకు యజమానులెవరు?

ఏటా జూలై మూడో వారంలో లండన్‌కు ఎగువన, సన్‌బరీ దగ్గర, తెడ్ల పడవలు ఆరు థేమ్స్ నదిలోకి దిగుతాయి. రెండింటిలో ఎర్ర దుస్తుల్లో బ్రిటన్ రాజుగారి మనుషులు ఉంటారు. మిగతావి లండన్‌లోని రెండు పాత వృత్తి సంఘాలవి: ఒకటి ద్రాక్షసారా వర్తకుల వింట్నర్స్ కంపెనీ, రెండోది రంగుల అద్దకంవారి డయ్యర్స్ కంపెనీ. అయిదు రోజుల్లో 79 మైళ్లు ఎదురెక్కి ఆబింగ్డన్ చేరేదాకా వీళ్ల పని ఒక్కటే, హంసల్ని పట్టి లెక్కపెట్టడం. దీని పేరు ‘స్వాన్ అప్పింగ్’.

పిల్లలతో ఉన్న జంట కనబడగానే ‘ఆల్ అప్!’ అని కేక పడుతుంది. పడవలు చుట్టూ వలయం కట్టి, మెల్లగా ఒడ్డుకు నెట్టుకొస్తాయి. ఆ నెలలోనే ఎందుకంటే, పిల్లలకు ఇంకా ఎగరడం రాదు. పెద్దవి రెక్కల ఈకలు రాల్చుకుని కొత్తవి వచ్చేదాకా నీళ్లను విడిచి పోలేవు.

ఇదంతా మొదలైంది మాత్రం వంటింటి కోసం. పన్నెండో శతాబ్దం నాటికే గుర్తులేని హంసలన్నీ తమవేనని రాజులు చెప్పుకున్నారు. మూడో హెన్రీ 1251లో యార్క్‌లో జరిపిన క్రిస్మస్ విందుకు 125 హంసల్ని తెప్పించాడు. 1482 చట్టం ప్రకారం ఏడాదికి అయిదు మార్కుల (అప్పటి డబ్బు కొలమానం) రాబడి ఇచ్చే సొంత భూమి ఉన్నవాళ్లకే హంసల్ని ఉంచుకునే అర్హత. ఎవరి పక్షులు ఎవరివో తెలియడానికి ముక్కు మీద కత్తితో గాట్లు పెట్టేవారు. డయ్యర్లది ఒక గాటు, వింట్నర్లది రెండు. గాటు లేకపోతే రాజుది.

మరి తల్లి ఒకరిది, తండ్రి ఇంకొకరిది అయితే? పిల్లల్ని చెరిసగం పంచుకోవాలి. ఆవు దూడ ఆవు యజమానికే చెందుతుంది కదా, హంసకెందుకీ మినహాయింపు? 1592లో డోర్సెట్ తీరంలోని ఆబట్స్‌బరీ హంసల మీద నడిచిన వ్యాజ్యంలో దీనికి జవాబు దొరుకుతుంది. మగ హంస ఒక్క ఆడ హంసనే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి పిల్లల మీద ఇద్దరు యజమానులకూ సమాన హక్కే అన్నారు. పక్షుల కాపురాన్ని దగ్గరగా చూసినవాళ్ల మాటను న్యాయస్థానం చట్టంగా ఒప్పుకున్న ఆ ఘట్టం ఈ చరిత్ర మొత్తంలోనూ ముచ్చటైనది. నలదమయంతుల మధ్య హంసను రాయబారిగా ఎరిగిన తెలుగువారికి ఈ తర్కం వింతగా తోచదు.

కాలక్రమంలో విందుల్లోకి టర్కీ కోడి వచ్చింది, హంస మాంసం మీద మోజు తగ్గింది. గాట్లు పెట్టించిన వందలాది యజమానులు తప్పుకున్నారు. పడవలు మాత్రం ఆగలేదు. చిత్రకారుడు స్టాన్లీ స్పెన్సర్ తన ఊరు కుకమ్‌లో ఈ దృశ్యాన్ని చిత్రించడం మొదలుపెట్టి, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి, తిరిగొచ్చి 1919లో పూర్తి చేశాడు.

ఈ పాత ఆచారం అసలు విలువ ఇరవయ్యో శతాబ్దం చివర్లో తేలింది. హంసలు మేత అరగడానికి గులకరాళ్లు మింగుతాయి. గాలాలు వేసేవాళ్లు నీటిలో వదిలేసిన సీసపు గుళ్లు కూడా వాటితోపాటు లోపలికి పోయేవి. విషమెక్కిన హంస మెడ నిలబెట్టలేక వీపు మీదికి వాల్చేసి, తిండి మింగుడుపడక చచ్చిపోయేది. 1985 నాటికి లండన్, హెన్లీల మధ్య ఏడు జంటలే మిగిలాయి. ఏటేటా లెక్క రాసే అలవాటు ఉండబట్టే ఈ పతనం అంకెల్లో కనబడింది. 1987లో ఆ సీసపు బరువుల అమ్మకాన్ని నిషేధించాక మళ్లీ పిల్లలు పెరిగాయి.

ఇప్పుడు గాట్లు లేవు. ఒడ్డుకు తెచ్చిన పిల్లల కాళ్లను మెత్తటి తాడుతో కట్టి, తూకం వేసి, గొంతులో గాలపు ముల్లు ఇరుక్కుందేమో చూసి వదిలేస్తారు. వింట్నర్ల, డయ్యర్ల వాటా పిల్లల కాళ్లకు రింగులు పడతాయి. రాజుగారి వాటా పిల్లలకు ఈనాటికీ యజమాని గుర్తు ఉండదు.