ఓడ మల్లయ్య, బోడి మల్లయ్య

అమెరికాలో ఉద్యోగాలు పోతున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా పక్కనే మన పేరూ వినబడుతుంది. అందుకే ఈ కథ మన ఐటీ జనాలకి తెలిసి ఉండాలనిపించింది. దిగుమతుల వల్ల ఉపాధి పోయిన కార్మికుల్ని ఆదుకోడానికి అక్కడి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. పేరు ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, పొట్టిగా టీఏఏ.

1954లో ఉక్కు కార్మికుల యూనియన్ అధ్యక్షుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ ఈ ఆలోచన ముందుకు తెచ్చాడు. 1962లో అధ్యక్షుడు కెన్నెడీ, సుంకాలు తగ్గించే అధికారం కోరుతూ తెచ్చిన చట్టంలో దీన్ని చేర్చాడు. తర్కం బాగానే ఉంది. సుంకం తగ్గితే సరుకు చవకవుతుంది, ఆ లాభం కోట్ల మందికి తలా కాస్త అందుతుంది. నష్టం మాత్రం మూతపడ్డ ఫ్యాక్టరీ ఉన్న ఊరి మీద ఒక్కసారే పడుతుంది. కాబట్టి నష్టపోయినవాళ్ళకి కొన్నాళ్ళు భృతి, కొత్త పనిలో శిక్షణ ఇవ్వాలి. యూనియన్లు సరేనన్నాయి, చట్టం పాసయింది.

తర్వాత ఏమైందో తెలుసా? 1969 దాకా ఒక్కటంటే ఒక్క కార్మికుల దరఖాస్తు కూడా మంజూరు కాలేదు! ఉద్యోగం పోయిందని చెబితే చాలదు. దిగుమతులు పెరగడానికి సుంకం తగ్గింపే ముఖ్య కారణమనీ, ఉద్యోగం పోవడానికి ఆ దిగుమతులే ముఖ్య కారణమనీ రెండూ తేలాలి. మనం సర్వర్ పడిపోతే ముందు దాన్ని లేపి, తర్వాత రూట్ కాజ్ వెతుకుతాం. ఇక్కడ మాత్రం రూట్ కాజ్ తేలేదాకా అన్నం పెట్టరు. ఈ పథకాన్ని యూనియన్ల వాళ్ళు దహన ఖర్చుల బీమా అని వెక్కిరించారంటే వెక్కిరించరూ మరి!

1974లో నిబంధనలు సడలించారు. 1980లో కార్ల కార్మికులు పెద్ద ఎత్తున రోడ్డున పడేసరికి ఖర్చు దాదాపు 160 కోట్ల డాలర్లకి చేరింది. ఆ మరుసటి ఏడే రీగన్ ప్రభుత్వం కత్తెర వేసింది.

ఇక మన సంగతి. 2000 తర్వాత సాఫ్ట్‌వేర్ వాళ్ళూ దరఖాస్తులు పెట్టారు. పని ఇండియాకి తరలిపోయిందన్న కంప్యూటర్ సైన్సెస్ కార్పొరేషన్ మాజీ ఉద్యోగులు వాళ్ళలో ఉన్నారు. చట్టం ప్రకారం వాళ్ళు చేసేది ఏదో ఒక 'వస్తువు' అయ్యుండాలి. సీడీలాంటి దాని మీదకి ఎక్కితేనే సాఫ్ట్‌వేర్ వస్తువట, వైరులో పోయే కోడ్ కాదట! ఇదీ కార్మిక శాఖ వాదన. కోర్టుల్లో చీవాట్లు తిన్నాక 2006లో ఆ శాఖ దారికొచ్చింది. సేవల రంగం మొత్తాన్నీ చేర్చింది మాత్రం 2009లోనే. అంటే పని సముద్రం దాటి ఎన్నేళ్ళో అయ్యాక, దాటిందని చట్టం ఒప్పుకుందన్నమాట.

ఇప్పుడు కొన్ని తేదీలు వరసగా పెట్టి చూడండి. 1962లో కెన్నెడీ వాణిజ్య చట్టం. 1974లో మరో వాణిజ్య చట్టం. 1993లో నాఫ్టా. 2002లో ఒప్పందాలు వేగంగా కుదుర్చుకునే అధికారం. 2011లో కొరియా ఒప్పందం. 2015లో మళ్ళీ ఆ అధికారమే. ఓట్లు కావలసి వచ్చిన ప్రతిసారీ టీఏఏ విస్తరించింది, లేదా మళ్ళీ ప్రాణం పోసుకుంది. 2021లో ఆ అధికారం గడువు తీరింది. కొత్త ఒప్పందాల మీద ఎవరికీ ఆసక్తి లేదు, కాబట్టి కొనాల్సిన ఓట్లూ లేవు. 2022 జులై 1 నుంచి కొత్త దరఖాస్తులు మంజూరు చేయడం ఆపేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

స్వేచ్ఛా వాణిజ్యం తప్పని నేననను. దాని వల్లే కదా మనలో చాలామంది ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. కానీ నష్టపోయేవాడికి ఇచ్చిన మాట, బిల్లు గట్టెక్కించే తాయిలం కాకూడదు. ఉద్యోగం దిగుమతి వల్ల పోయినా, యంత్రం వల్ల పోయినా, ఇంటి అద్దె ఒకటో తారీఖునే కట్టాలి. ఎవరి వల్ల పోయిందో రుజువు చెయ్యమని అడగని సాయమే అసలు సాయం. ఆ ప్రశ్నకి జవాబుగా మొన్నటిదాకా మన పేరు చెప్పారు. రేపు మన ఉద్యోగం పోయిన రోజున మనం ఎవరి పేరు చెప్పాలో!