గుల్లతో పుట్టి, గుల్ల వదిలేసి

అమావాస్య మర్నాడు మధ్యాహ్నం. సముద్రం బాగా వెనక్కి తగ్గింది. విశాఖ తెన్నేటి పార్కు కింద, మామూలుగా అలల్లో మునిగి ఉండే రాళ్లు ఇప్పుడు బయటపడి ఉన్నాయి. నాచు మీద కాలు జారుతుంది, చూసి అడుగేయండి. నిన్న అమీర్‌పేట మెట్రో మెట్ల మీద జనంలో నలుగుతూ వెళ్లి, నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేను వచ్చింది ఈ మోకాటి లోతు నీటిగుంట కోసమే.

మీ నీడ నీళ్ల మీద పడకుండా అంచున కూర్చోండి. మొదట ఏమీ కనపడదు. కాసేపటికి నాచులోంచి ఓ ముక్క తనంతట తానే కదులుతుంది. అది బయటికి గుల్ల కనపడని సముద్రపు నత్త, సీ హేర్. దాని వెనక మరొకటి అతుక్కుని ఉంది, ఆ వెనక ఇంకొకటి. వీటిలో ప్రతిదీ ఆడా మగా రెండూను. ఈ వరుసలో ముందున్నది ఆడ, చివరిది మగ, నడిమిది ఒకేసారి రెండు పాత్రలూ పోషిస్తోంది. పక్కనే రాతికి చిక్కుపడ్డ సేమ్యాలా పసుపుపచ్చటి పోగులు ఉన్నాయి. అవన్నీ గుడ్లే. కాలిఫోర్నియా సీ హేర్ ఒకటి నాలుగు నెలల్లో 47 కోట్లకు పైగా గుడ్లు పెట్టినట్టు 1934లో లెక్క కట్టారు. అంత పెడితేగానీ ఏ ఒకటో రెండో మిగలవు.

ఇప్పుడు గుంటలోని ఓ చిన్న రాయిని మెల్లగా తిప్పండి. అడుగున తెల్లటి రిబ్బను, అంచు మీద నిలబెట్టి చుట్లు చుట్లుగా అంటించి ఉంది. ఇది నూడిబ్రాంక్ అనే గుల్ల లేని సముద్రపు నత్త పెట్టిన గుడ్ల పట్టీ. భూతద్దం పెడితే ఒక్కో చుక్కా విడిగా తెలుస్తుంది. పిండం ఎదిగేకొద్దీ, ఒంటి మీది సన్నటి నూగును ఆడిస్తూ తన గుడ్డులోనే గిరగిరా తిరుగుతుంది. కొద్ది రోజులకు బయటికొచ్చే పిల్లకు మెలి తిరిగిన గుల్ల ఉంటుంది, దానికో మూత కూడా! తల్లికి లేని గుల్ల పిల్లకు ఉండటం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఇక ప్రయాణం. చాలా జాతుల పిల్లలు వారాల తరబడి నీళ్లలో తేలుతూ, కంటికి కనపడని నాచుకణాలు తింటూ బతుకుతాయి. వాటిని మోసుకెళ్లే ఈ తీరపు ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. దక్షిణాన గోదావరి, కృష్ణ డెల్టాల పొడవునా ఇసుక, బురద. రాతి మీద బతికే జాతికి అక్కడ నిలువ నీడ లేదు. అందుకే తూర్పు కనుమలు సముద్రానికి ఆనుకున్న ఈ నాలుగు రాళ్లగుట్టలు నాకు అంత విలువైనవిగా తోస్తాయి. రాయి దొరికినా చాలదు, దాని మీద తిండి ఉండాలి. పోరైటీస్ పగడాన్ని తినే ఓ ఫెస్టిల్లా జాతి నూడిబ్రాంక్ పిల్ల, ఆ పగడం ఆనవాలు నీళ్లలో తగిలితేనే గుల్ల వదిలి రూపం మార్చుకుంటుంది.

ఈ తీరం శాస్త్రానికి కొత్త కాదు. 1850ల మొదట్లో ఉత్తర సర్కారుల కమిషనర్ వాల్టర్ ఎలియట్ ఇక్కడ నూడిబ్రాంకులు పోగు చేయించాడు. వాటిని శాస్త్రవేత్తలు ఆల్డర్, హాంకాక్ వర్ణించిన వ్యాసం 1864లో లండన్‌లో అచ్చయింది. కళింగ ఆర్నాటా అనే జాతి అందులోదే. ప్లాటిడోరిస్ ఎలియటి కూడా.

పోటు మొదలైంది, చీలమండలకు నీళ్లు తగులుతున్నాయి. తిప్పిన రాయిని మళ్లీ ఉన్నట్టే బోర్లించండి. అలాగే వదిలేస్తే తర్వాతిసారి నీరు తగ్గినప్పుడు ఆ పట్టీ ఎండకు మాడిపోతుంది.