పులి అడుగు లెక్కకెలా ఎక్కింది

తెలంగాణలోని చర్ల దాటి తాలిపేరు నది ఎగువకు పోతే అడవి రాష్ట్రం మారుతుంది గాని ఆగదు. అవతల బీజాపూర్ జిల్లాలో ఇంద్రావతి పులుల అభయారణ్యం ఉంది. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి పులులు గోదావరి తీరపు అడవుల్లోకి వచ్చిపోతుంటాయి. అవి వచ్చినట్టు ముందు చెప్పేది వాగు ఇసుకే.

నాలుగు వేళ్లు, వెనక వెడల్పాటి మెత్త, గోళ్ల గీతలు లేవు. అలా ఉంటే పులో, చిరుతో, అడవిపిల్లో. పరిమాణాన్ని బట్టి ఏదో తేలుతుంది. నడిచేటప్పుడు ఇవి గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. గోళ్లు పడితే నక్క, తోడేలు, రేచుకుక్క. జాడ అంచు చెక్కుచెదరకుండా ఉంటే జంతువు ఇప్పుడే పోయింది. అంచు రాలి, పైన పురుగులు నడిచి ఉంటే పాతది.

ఈ విద్య వేటలో పుట్టింది. గాలికి ఎదురుగా నడవడం, కణుజు అరిస్తే ఆగిపోవడం, పులి పశువును చంపిన చోట మంచె కట్టి కూర్చోవడం అన్నీ దాన్లోవే. దొరలు, జమీందార్లు తుపాకులతో వచ్చినప్పుడు ముందు నడిచింది అడవి మనుషులే. చచ్చిన పులి పక్కన నిలబడ్డ దొర పేరు పుస్తకాలకెక్కింది, జాడ పట్టినవాడి పేరు ఎక్కలేదు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

తుపాకీ పక్కన పెట్టి పులి వెంట పడ్డవాళ్లలో ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ ముఖ్యుడు. 1920లలో ఉత్తరాది అడవుల్లో దారికి అడ్డంగా తీగ కట్టి, పులి తగలగానే ఫోటో పడేలా చేశాడు. 1960లలో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి పాదముద్రల లెక్కకు పద్ధతి కట్టాడు. జాడపై గాజు పలక పెట్టి గీత గీయడం, ప్లాస్టర్ అచ్చు తీయడం దాని పని. 1972లో ఆ లెక్కన దేశంలో 1,827 పులులు తేలాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ ఆ ఏడే.

అయితే ఒకే పులి పాదం బురదలో ఒకలా, పొడి ఇసుకలో మరోలా పడుతుంది. లెక్కలు బాగానే కనిపించిన రాజస్థాన్ సరిస్కాలో 2005కల్లా ఒక్క పులీ మిగల్లేదని బయటపడింది. 2006 నుంచి కెమెరాలు ముందుకొచ్చాయి. పులి చారలు ఏ రెండింటికీ కలవవు, ఒకే పులికి కుడివైపువీ ఎడమవైపువీ కూడా వేరే. అందుకే దారికి రెండు పక్కలా కెమెరాలు బిగిస్తారు. 2006లో 1,411 తేలితే, 2022 అంచనా 3,682.

ఇంద్రావతిలో మాత్రం సాయుధ పోరు మూలంగా ఏళ్ల తరబడి లెక్క సరిగా సాగలేదు. కెమెరా ఏ మలుపులో కట్టాలో తేల్చడానికి నేటికీ జాడ తెలిసినవాడు ముందు నడవాల్సిందే. నల్లమలలో చెంచులు ఆ పని చేస్తున్నారు. చర్ల వైపు కోయలకూ ఆ కొలువు దక్కాలి, నివేదికలో వాళ్ల పేర్లూ పడాలి.