నాగులేటి యొడ్డున రోగపటము

శ్రీనాథుని పేర ప్రచారములోనున్న పలనాటి చాటువులను విని నవ్వుకొనని తెలుగువాడు అరుదు. నాగులేటి నీటిని, జొన్నకూటిని, పాములను, తేళ్లను ఆ మహాకవి వరుసగా లెక్కించి యీసడించెనని మనవారు చెప్పుకొందురు. పలనాటివారు కినుక వహించినను, నాకా చాటువు వేఱొక రీతిగా దోచును. పరసీమకు బోవువాడు అచ్చట నేమి త్రాగవలసివచ్చునో, ఏమి తినవలసివచ్చునో, దేనికి వెఱవవలెనో ముందుగా నెఱిగించు బాటసారి పట్టిక యది. నేడు దూరదేశములకు బయలుదేరువారు ఫోనులో తెఱచి, వ్రేలితో జరుపుచు, పెద్దవి చేసికొనుచు చూచు రంగురంగుల ఆరోగ్యపటములకు దానిని తాతగా నెంచవచ్చును.

కారంపూడి ఆ నాగులేటి యొడ్డుననే యున్నది. పండ్రెండవ శతాబ్దిలో బ్రహ్మనాయుని పక్షమును నాగమ్మ పక్షమును పోరిన రణక్షేత్రమది. ఏటేట కార్తీక బహుళ అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను నైదు దినముల వీరుల తిరునాళ్లు అచ్చట జరుగును. వీరాచారవంతులు దూరప్రాంతములనుండి తమ వీరుల ఆయుధములను మోసికొని వచ్చి నాగులేట స్నానము చేయింతురు. మందపోరునాడు కులభేదము నెంచక చాపకూడు కుడుతురు. బ్రహ్మనాయుడు నెలకొల్పినట్లు చెప్పెడి ఆ సహపంక్తికంటె గొప్ప ఆచారము తెలుగునాట మఱియొకటి గలదని నేననుకొనను. ఐనను ఆరోగ్యాధికారి కన్నులతో జూచినచో నిది వేఱుగా గానవచ్చును: నానాస్థలముల జనము ఒక్క యేటి నీటిని, ఒక్క వంటను పంచుకొని, ఐదవనాటి పిమ్మట తిరిగి నానాదిక్కులకు జెదరిపోవుచున్నది. పూర్వము మన దేశమున కలరా నడచినది ఇట్టి దారులవెంటనే.

1817లో వంగదేశమున జెస్సోరు ప్రాంతమున విజృంభించిన ఆ వ్యాధి మఱుసటియేటికే చెన్నపట్టణము చేరినది. అది యెప్పుడు ఏ యూరు సొచ్చెనో, ఏ బాటను వచ్చెనో, వైద్యుల లేఖలను బట్టి కూర్చి మద్రాసు వైద్యమండలి కార్యదర్శి విలియం స్కాట్ 1824లో నివేదిక ప్రకటించెను. పటము గీయుటకు ముందు చేయవలసిన పనిలో అధికభాగము అదియే గదా! మన భాషలోను అట్టి శ్రద్ధ గలవారు లేకపోలేదు. 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, మజిలీ మజిలీకి నీటివసతిని, దిగుటకు చోటును, అంగళ్లను, బాట మంచిచెడ్డలను వ్రాసి మిత్రునికి పంపుచు వచ్చెను. ఆయన పటము గీయలేదు. కాని, ఆ జాబులను ముందుంచుకొని యెవరైనను గీయవచ్చును.

అక్షరము రాని పల్లెలకును ఒక పటము గలదు, దానిపేరు పొలిమేర. మశూచియో వాంతిభేదియో సోకినపుడు అమ్మవారిని కొలిచి, మేళతాళములతో ఊరి యెల్ల దాటించి వచ్చెడివారు. అమ్మవారి కోపము ఆవలి యూరికి దాటిపోవునని వారి నమ్మకము. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ 1916నాటి తన గ్రంథమున ఈ తంతును వర్ణించినాడు. పొరుగూరివారికి చేసిన యుపకారమేమో గాని, రోగము ఒకచోట నిలువదనియు, ఏ దిక్కుననుండియో వచ్చి ఏ దిక్కునకో పోవుననియు ఆ పల్లెవాసులు గ్రహించియుండిరి.

నేటి పటములు ఇంతకంటె నెన్నో రెట్లు వేగవంతములు. బోస్టన్ బాలల వైద్యశాలలో 2006లో పుట్టిన హెల్త్‌మ్యాప్ వార్తలనుండియే వ్యాధుల జాడలను ఏరి ప్రపంచపటముపై చుక్కలు పెట్టెను. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము వారి కోవిడు పటము 2020 జనవరి 22న వెలువడి యింటింటికిని ప్రవేశించెను. ఐనను రంగునకు కొలత యుండవలెను గదా. ఆ యేటి ఏప్రిలు చివర కేంద్రప్రభుత్వము జిల్లాలను ఎఱుపు, నారింజ, ఆకుపచ్చ మండలములుగా విభజించినపుడు గుంటూరు జిల్లా యావత్తును ఎఱుపయ్యెను. నాడందులోనిదే గనుక కారంపూడియు నెఱ్ఱబడెను. అమెరికా రోగనియంత్రణ సంస్థ యాత్రికులకిచ్చు సూచనలలో, హిమాలయప్రాంతపు కొన్ని యున్నతస్థలములు దక్క భారతదేశమంతయు మలేరియాసీమయే. డల్లాసునుండి వీరుల తిరునాళ్లకు రాదలచిన తెలుగువాడు ఆ సూచనలను బట్టి గీసిన పటమును తెఱచినచో, ఒడిశా అడవికిని పలనాటి నాపరాతి బయలునకును భేదము గానరాదు. అది అమావాస్య వారమని పటమునకు బొత్తిగా తెలియదు.

కలరా సోకిన పిమ్మట పండ్రెండు గంటలు మొదలుకొని ఐదు దినములలోపల బయటపడునని వైద్యులు చెప్పుదురు. తిరునాళ్లును ఐదు దినములే. కల్లిపాడు నాటి సాయంకాలము దోసిలిపట్టి చెడునీరు త్రాగినవాడు, బస్సెక్కి తన యూరు చేరి, అచ్చటి ఆసుపత్రిలో పడును. పటముపై ఆ యూరు ఎఱ్ఱబడును; నాగులేటి యొడ్డు తెల్లగనే యుండును.