మేఘమునకు లెక్క యెవరు వ్రాయుదురు?

కావేరి తమిళనాట ప్రవేశించుచోట, హొగేనక్కల్ జలపాతమునకు కొంత యెగువగా, బిలిగుండ్లు వద్ద నదీజలమును దినదినము కొలిచి పుస్తకమున కెక్కింతురు. ఆ లెక్క వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. 1892లోను, 1924లోను మైసూరు, మద్రాసు ప్రభుత్వములు ఒడంబడికలు చేసికొనెను. 1990లో ట్రిబ్యునలు ఏర్పడి 2007లో తీర్పు చెప్పెను. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఏటేట 177.25 టి.యం.సి. నీరు బిలిగుండ్లు దాటి రావలెనని నిర్ణయించెను. దశాంశముల వరకు తెగిన లెక్క! అయితే ఆ నీరే నేలబడకముందు, మేఘముగా నున్నప్పుడు, ఎవరిది? ఈ ప్రశ్నకు ఆ దస్త్రములలో జవాబు లేదు.

పూర్వము వానకై మనవారు వరుణజపములు చేయించిరి, విరాటపర్వము చదివించిరి, కప్పలకు పెండ్లిండ్లు చేసిరి. వీనికి చట్టముతో పని లేకుండెను. తమ వాన దొంగిలింపబడెనని పొరుగూరివారు ఫిర్యాదు చేసినట్లును వినలేదు. 1946లో అమెరికాలో షేఫరు అను శాస్త్రజ్ఞుడు విమానమునుండి గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువును మేఘముపై చల్లి మంచు కురిపించుటతో కథ మారినది. అతని సహోద్యోగి వానెగట్ అందులకు సిల్వర్ అయొడైడు పనికివచ్చునని కనుగొనెను. దాని స్ఫటికములు మంచును పోలియుండుటచే మేఘములోని అతిశీతల జలము వానిని పట్టుకొని గడ్డకట్టి, బరువెక్కి రాలును. మన దేశమున 1951లోనే పడమటి కనుమలలో టాటా సంస్థ దీనిని ప్రయోగించెను.

తెలుగువారు దీనికి పెట్టిన పేరు మేఘమథనము. చక్కని పేరే, కాని క్షీరసాగరమున ముందు పుట్టినది హాలాహలమని పెట్టినవారికి జ్ఞప్తి యుండెనో లేదో. 1967 మొదలు 1972 వరకు అమెరికా సైన్యము వియత్నాము యుద్ధమున శత్రువుల దారులు బురదయగుటకై రహస్యముగా మేఘములను మథించెను. అది బయటపడిన పిదపనే ప్రపంచము మేల్కొనెను. వాతావరణమును ఆయుధముగా వాడరాదను ఒడంబడికను 1976 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించెను. 1978 అక్టోబరు 5న అది అమలులోనికి వచ్చెను. భారతదేశమును అందు చేరినది. కాని రైతుకై చేయు మథనమును ఆ ఒడంబడిక నిషేధింపదు.

2003లో కర్ణాటక ప్రభుత్వము 'వరుణ' అను పేర విమానములతో మేఘమథనము చేయించెను. 2017లో 'వర్షధారి' యని మరల చేయించెను. ఆ తొలి దశాబ్దముననే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును అనంతపురము మొదలగు కరవు సీమలపై చేయించినది. ధర్మపురివారమగు మనకు ఇది దూరపు వార్త కాదు. నైరుతి గాలి కర్ణాటక మీదుగానే మనకు వచ్చును. మన మామిడితోటలును, రాగిచేలును వాననే నమ్ముకొన్నవి. అక్కడ కురిపించినచో ఇక్కడ ఎండునా?

మేఘములోని తేమలో కొంత పాలే వానయగును గనుక ఈ భయము అతిశయమని మాకు తోచును. పూణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 2018, 2019లలో షోలాపురమున చేసిన పరిశోధనలో వాన సగటున సుమారు 18 శాతమే హెచ్చెను. 2025 అక్టోబరు 28న ఢిల్లీపై చల్లినప్పుడో, తేమ చాలక చెప్పుకోదగిన వానయే లేదు. అయినను లెక్క చూపనిదే అనుమానము పోదు. విమాన మెగురుటకు అనుమతి కావలెను గాని, మేఘమథనమునకు ప్రత్యేక చట్టము మనకు లేదు. అమెరికా 1971లో చేసిన చట్టము గొప్పదేమియు కాదు; వాతావరణమును మార్పజూచువారు ఆ సంగతిని ప్రభుత్వమునకు నివేదింపవలెనని మాత్రమే దాని సారము.

గుమాస్తాగిరి చేసినవారమగుటచే రిజిస్టరుపై మాకు మమకారము హెచ్చని పాఠకులు నవ్వవచ్చును. తేది, స్థలము, చల్లిన పదార్థము, దాని తూకము, గాలిదిక్కు: ఈ అయిదు గడుల పుస్తకమొకటి రెండు రాష్ట్రముల కలెక్టరు కచేరీలలోను ఉండిన చాలును, తక్కిన చట్టము తరువాత రావచ్చును.