పిల్లల దుఃఖానికో వేసవి శిబిరం

పోయిన ఏడాది ఏప్రిల్లో మా టీమ్‌లో ఒకాయన గుండెపోటుతో పోయాడు. నలభై రెండేళ్లు. పెద్దకర్మ అయిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. హాల్లో పెద్దవాళ్లంతా నామినీ, పీఎఫ్, హోమ్‌లోన్ గురించి మాట్లాడుకుంటున్నారు. లోపలి గదిలో పదేళ్ల కొడుకు, గుండుతో, ట్యాబ్‌లో ఏదో గేమ్ ఆడుతున్నాడు. “వాడికింకా ఏం తెలీదులెండి, ఆటల్లో పడిపోయాడు” అంది ఒక పెద్దావిడ. వాడి పక్కన ఐదు నిమిషాలు కూర్చుని, ఏ క్లాసని అడిగి, లేచి వచ్చేశాను.

నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్న పోయారు. అదీ ఎండాకాలమే. నా గురించీ ఎవరో ఇదే మాట అనడం బాగా గుర్తు. అయినా ముప్పై ఆరేళ్ల వయసులో ఒక పిల్లాడి ముందు నాకూ మాట దొరకలేదు. సిగ్గేసింది. తెలీని విషయం ఎదురైతే చదువుకోవడం తప్ప నాకు ఇంకో దారి తెలీదు. అలా చదువుతూ చదువుతూ, అయినవాళ్లని పోగొట్టుకున్న పిల్లల కోసం అమెరికాలో నడిపే వేసవి శిబిరాల దగ్గర తేలాను.

“పిల్లలకేం తెలీదు” అన్నది మన పెద్దమ్మల మాటే అనుకునేవాణ్ణి. ఒకప్పుడు మానసిక శాస్త్రం మాట కూడా అదే. శోకాన్ని మోసేంత బలం పసి మనసుకి ఉండదని 1937లో హెలెన్ డాయిచ్ అనే మనోవిశ్లేషకురాలు రాసింది. మరియా నాజ్ అనే పరిశోధకురాలు బుడాపెస్ట్‌లో మూడు నుంచి పదేళ్ల లోపు పిల్లల్ని 378 మందిని చావు గురించి కదిలించి, 1948లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఆవిడ లెక్కలో ఐదేళ్లలోపు పిల్లలకి చావంటే ఎటో వెళ్లిపోవడం. ఐదు నుంచి తొమ్మిది దాకా చావు ఒక మనిషి, వచ్చి పట్టుకుపోయేవాడు. తొమ్మిది దాటాకే అది ఎవరికీ తప్పదని తెలిసొస్తుంది. ఈ వయసుల గీతల్ని తర్వాతివాళ్లు చాలా సవరించారు గానీ, చదువుతుంటే నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది. దానికప్పుడు ఐదేళ్లు. “నాన్న ఊరెళ్లారు” అని చెప్పి పక్కింటికి పంపారు. ఊరెళ్లినవాళ్లు తిరిగి రావాలి కదా. స్కూళ్లు తెరిచేదాకా గేటు చప్పుడైతే చాలు, బయటికి పరిగెత్తేది.

1960లో జాన్ బౌల్బీ, తల్లి దూరమైన పసిపిల్లలు కూడా పెద్దవాళ్లలాగే శోకిస్తారని వాదించాడు. అదే పత్రికలో, అదే సంపుటిలో అన్నా ఫ్రాయిడ్ ఆయనతో విభేదించింది. ఇంత గొప్ప వాదనలోనూ ఇద్దరూ పిల్లల గురించే మాట్లాడారు. పిల్లలు ఒకళ్లతో ఒకళ్లు ఏం మాట్లాడుకుంటారన్నది తర్వాతెప్పుడో బయటపడింది, అదీ ఒక జబ్బుపడ్డ పిల్లాడి వల్ల.

ఆ పిల్లాడి పేరు డగీ. మెదడులో కణితి. తొమ్మిదేళ్ల వయసులో, మరణం మీద పుస్తకాలు రాసిన ఎలిజబెత్ కూబ్లర్-రాస్‌కి ఉత్తరం రాశాడు. బతుకంటే ఏమిటి, చావంటే ఏమిటి, చిన్నపిల్లలెందుకు చచ్చిపోవాలి అన్నవి అందులో ప్రశ్నలు. ఆవిడ రంగు పెన్నులతో బొమ్మలు వేస్తూ చిన్న పుస్తకమంత జవాబు రాసింది. తర్వాత వైద్యం కోసం డగీ ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కి వచ్చినప్పుడు బెవర్లీ చాపెల్ అనే ఆవిడ అతన్ని కలుసుకుంటూ ఉండేది. ఆసుపత్రిలో పెద్దవాళ్లంతా ముసుగేసి మాట్లాడుతుంటే, డగీ, తక్కిన పిల్లలూ మాత్రం చావు గురించి నేరుగా మాట్లాడేసుకోవడం ఆవిడ గమనించింది. 1981లో, పదమూడేళ్లకే డగీ పోయాడు. ఆ మరుసటి ఏడాది ఆవిడ తన ఇంట్లోనే, అయినవాళ్లు పోయిన పిల్లల్ని కొందర్ని కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టింది. అదే డగీ సెంటర్ అయింది. అక్కడ ‘అగ్నిపర్వతం గది’ అని ఒకటుంటుంది. గోడలకీ నేలకీ మెత్తలు. కోపమొస్తే అందులోకెళ్లి గుద్దొచ్చు, తన్నొచ్చు, అరవొచ్చు. నాకు పదకొండేళ్లప్పుడు అలాంటి గది ఉంటే తలుపు ఊడదీసుండేవాణ్ణి.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే ఈ పద్ధతి అడవిలోకీ చెరువుగట్టుకీ వెళ్లడం అక్కడివాళ్లకి సహజమే. 1861 నుంచీ అమెరికాలో వేసవి శిబిరాలున్నాయి. సెలవులొస్తే పిల్లల్ని గుడారాలకీ పడవలకీ పంపడం మనం అమ్మమ్మగారింటికి పంపినంత మామూలు. ఇంగ్లండులో జూలీ స్టోక్స్ 1992లో విన్‌స్టన్స్ విష్ అనే సంస్థ పెట్టి వారాంతపు శిబిరాలు నడిపింది. బానీ క్యారల్ భర్త సైన్యంలో జనరల్. 1992లో అలాస్కాలో విమానం కూలి పోయాడు. ఆవిడ 1994లో స్థాపించిన టాప్స్ సంస్థ, సైనికుల పిల్లల కోసం ఏటా మే నెలాఖరున శిబిరం పెడుతుంది.

నాకు ఎక్కువ నచ్చింది లిన్ హ్యూస్ కథ. తొమ్మిదేళ్లకి తల్లి, పన్నెండేళ్లకి తండ్రి పోయారు. పెద్దయ్యాక, 1999లో వర్జీనియాలో కంఫర్ట్ జోన్ క్యాంప్ మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత సెప్టెంబర్ 11 వచ్చింది. ఆ ఒక్కరోజే సుమారు 3,000 మంది పిల్లలు తల్లినో తండ్రినో పోగొట్టుకున్నారు. వాళ్ల కోసం న్యూజెర్సీలో ప్రత్యేకంగా శిబిరాలు నడిపారు.

శుక్రవారం పిల్లలు వస్తారు. ఒక్కొక్కరికీ తోడుగా ఒక పెద్ద స్నేహితుడో స్నేహితురాలో ఉంటారు. ఈత, తాళ్లెక్కడం, బంతాట. మధ్యలో ఈడువాళ్లంతా గుండ్రంగా కూర్చుని ఎవరు పోయారో, ఎలా పోయారో చెప్పుకుంటారు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. రాత్రికి చలిమంట. చివర్రోజు పోయినవాళ్లని తలుచుకునే సభ.

పెద్దవాళ్ల శోకం నదిలాంటిది, దాటేదాకా అందులోనే ఈదాలి; పిల్లలది వాననీటి గుంటల్లాంటిది, ఒకదాంట్లో దూకుతారు, వెంటనే బయటికొచ్చి ఆడుకుంటారు, మళ్లీ ఇంకోదాంట్లో దూకుతారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా వాడే పోలిక ఇది. శిబిరం టైంటేబుల్‌ని సరిగ్గా దీని మీదే కట్టారు. అరగంట ఏడుపు, తర్వాత పడవ. ఇది తెలిశాక ఆ పెద్దావిడ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఆటల్లో పడిపోయాడన్నది ఆవిడ సరిగ్గానే చూసింది. తెలీదన్నదే తప్పు.

మరి ఈ శిబిరాలు పనిచేస్తాయా? ఇంజనీరుని కదా, లెక్కలడక్కుండా ఉండలేను. పిల్లలకిచ్చే ఇలాంటి సాయాల మీద 13 అధ్యయనాల్ని కలిపి 2007లో సమీక్షిస్తే, మొత్తమ్మీద చెప్పుకోదగ్గ ఫలితమేమీ కనబడలేదు. నష్టం జరిగిన కొత్తలో అందినవీ, బాగా ఇబ్బంది పడుతున్న పిల్లలకి అందినవీ కాస్త మెరుగు. మూడు రోజుల్లో దుఃఖం తీరిపోతుందని అనుకోవడం మన పదకొండు రోజుల లెక్కలాంటిదే. హార్వర్డ్‌లో విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ చేసిన అధ్యయనంలో, పిల్లల ఇబ్బందులు మొదటి ఏడాదికన్నా రెండేళ్లకి ఎక్కువగా బయటపడ్డాయి. మనింట్లో రెండేళ్లకి ఎవరడుగుతారు? సంవత్సరీకంతో ఆఖరు.

అలాగని మన పద్ధతుల్ని కొట్టిపారెయ్యను. 1997లో పన్నెండేళ్ల ప్రిన్స్ హ్యారీ తల్లి శవపేటిక వెనక, ప్రపంచమంతా చూస్తుండగా నడిచాడు. ఏ పిల్లాడికీ అలా చెయ్యమని చెప్పకూడదని ఇరవయ్యేళ్ల తర్వాత అన్నాడు. నేను నిప్పుకుండ పట్టుకుని నాన్న పాడె ముందు నడిచాను. నడవకపోయి ఉంటే ఇంకా బాధపడేవాణ్ణేమో. చెల్లికి ఆ అవకాశం కూడా లేదు. నా ఫిర్యాదు కుండ గురించి కాదు. కుండ దింపగానే “ఇంక ఇంటికి పెద్దదిక్కువి నువ్వే, ఏడవకూడదు” అన్నారు చూడండి, దాని గురించి.

కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న పిల్లలకి కేంద్రం 2021లో పది లక్షల నిధి, ఆరోగ్య బీమా, చదువుకి సాయం ప్రకటించింది. ‘సంవేదన’ పేరుతో ఫోన్లో కౌన్సెలింగ్ కూడా నడిచింది. ఇవన్నీ కావలసినవే. కానీ ఫోన్‌కి అవతల ఉండేది మళ్లీ ఒక పెద్దమనిషే. తనలాంటి ఇంకో పిల్లాడు కాదు.

జూన్‌లో, స్కూళ్లు తెరిచేముందు మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. వాడికి కాస్త జుట్టొచ్చింది. ఈసారి క్లాసు సంగతి అడగలేదు. నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్న పోయారని చెప్పాను. కాసేపు గేమ్ ఆడుతూనే ఉన్నాడు. తర్వాత తలెత్తకుండా అడిగాడు.

“మీరు కూడా కుండ పట్టుకున్నారా అంకుల్?”

పట్టుకున్నానన్నాను.

“వేడిగా ఉందా?”

“ఉంది. చెయ్యి కాలుతుందేమోనని భయమేసింది.”

“నాక్కూడా” అన్నాడు. ట్యాబ్ పక్కన పెట్టి కొంచెం జరిగి చోటిచ్చాడు.